పరుపుల దుకాణం, వెనక గది

అమ్మ పోయి, నలభై దినాల ఫాతిహా అయిన తరువాతి వారం నేనూ, మా తమ్ముడు దస్తగిరీ గద్వాలలో మా దుకాణం చూడటానికి వెళ్లాం. చూడటానికి అని మర్యాదకు అంటున్నాను గానీ, అసలు పని కిరాయి పెంచటం. దుకాణం అమ్మ పేరు మీద ఉండేది, ఇక మా ఇద్దరిదీ అవుతుంది. కొన్నేళ్లుగా అందులో నరేశ్ అనే కల్వకుర్తి అబ్బాయి రెడీమేడ్ బట్టల షోరూం నడుపుతున్నాడు. ఆ వరసలో అన్ని దుకాణాల కిరాయిలూ పెరుగుతూ పోయినా, మాది మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు ఉండిపోయింది. దాని గురించి అమ్మను ఫోనులో చాలాసార్లు దెప్పాను. ఏళ్ల తరబడి బడిపిల్లలకు పాఠాలు చెప్పిన నోరు గదా నాది, ఒకసారి మొదలుపెడితే ఆగదు. "ఉన్నదాంతోటి గడుస్తలేదా బిడ్డా" అనేది అమ్మ, అంతే. ఆ మాట నాకు చేతకానితనంలా వినిపించేది.

అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోతే చల్లగాలి ముఖానికి తగిలింది. మా నాయిన పరుపులు నిలబెట్టిన గోడ పొడుగునా ఇప్పుడు తలలేని బొమ్మలు గౌన్లు తొడుక్కుని నిలబడి ఉన్నాయి. నరేశ్ మాకు కుర్చీలు వేసి చాయ్ తెప్పించాడు. దస్తగిరి నాగర్‌కర్నూలులో మోటార్ల వైండింగు దుకాణం నడిపే మనిషి, బేరం వాడికి మంచినీళ్లు తాగినంత సులువు. వాడు మాట మొదలుపెట్టగానే నాకు అక్కడ కూర్చోవాలనిపించక దుకాణం చివరిదాకా నడిచాను. ఒకప్పుడు మా వెనక గది ఉన్నచోటే ఒక చిన్న గది ఉంది. గుమ్మానికి పరదా వేలాడుతోంది, పైన ట్రయల్ రూమ్ అని రాసి ఉంది. పరదా ముందు స్టూలు మీద పావని అనే సేల్స్ అమ్మాయి కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, చెయ్యి అడ్డం పెట్టింది.

"జర ఆగుండ్రి మేడం, లోపల మనిషున్నరు."

"బట్టలు తొడిగి చూసుకుంటున్నారా?"

"లేదు మేడం. పిల్లకు పాలిస్తుండ్రు. ఊరి నుంచి దవాఖానకు వచ్చిండ్రంట."

పరదా వెనక నుంచి పసిపిల్ల ఎక్కిళ్లు రెండు వినిపించి, చప్పరింతలోకి దిగి, ఆగిపోయాయి. నా వయసు ఆడమనిషి అందుకు తెల్లబోవాల్సింది ఏమీ లేదు. కానీ పావని నిలబడ్డది సరిగ్గా నేను నిలబడిన చోట. చిన్నప్పుడు ఈ పరదాకు కాపలా నాదే.

మేము దూదేకుల వాళ్లం. నాయిన హుసేనప్ప, అమ్మ మౌలమ్మ, నేను కాశింబీ. మా ఇంట్లో నమాజు అరబ్బీలో, తిట్లు మాత్రం తెలుగులో. పొద్దున్నే నాయిన పెరట్లో రేకుల కింద విల్లు వేలాడదీసి దూది ఏకడం మొదలుపెట్టేవాడు. ఆ విల్లు తీగ మోగుడు విననిదే మా వీధిలో ఎవరికీ తెల్లవారేది కాదు. మూతికి గుడ్డ కట్టుకునేవాడు గానీ కనుబొమ్మలకూ, రెప్పలకూ, చెవుల వెంట్రుకలకూ దూది పట్టి, మధ్యాహ్నానికి ముసలివాడై, సాయంత్రం స్నానం చేశాక మళ్లీ పడుచువాడయ్యేవాడు. పని అయ్యాక బెల్లం ముక్క ఒకటి బుగ్గన పెట్టుకోవడం అలవాటు. "గొంతుల దుమ్ము బెల్లంతోటే దిగుతది" అనేవాడు. అది నిజం కాదని తరువాత డాక్టర్లు చెప్పారు, చాలా ఆలస్యంగా. అమ్మ చారల బట్టతో గలేబులు కుట్టి, ఏకిన దూది నింపి, దబ్బనంతో అడుగడుక్కీ ఎర్రదారం ముడి వేసేది. ఆ ముడి మా దుకాణం గుర్తు. మిగతా వాళ్లు తెల్లదారం వాడేవాళ్లు.

దుకాణం సన్నగా పొడుగ్గా ఉండేది. ముందర అమ్మకపు పరుపులు, మెత్తలు. ఆ వెనక ఒక పరదా. పరదా వెనక గది, దాని వెనక పెరడు, పెరట్లో ఒక మూల తడికల స్నానాలగది. ఆ వెనక గదిలో జనం తిరగ ఏకించుకోవడానికి తెచ్చిన పాత పరుపులు పడి ఉండేవి. గడ్డకట్టి రాయిలా అయిన దూది, ఆముదం వాసన, పసిపిల్లల ఉచ్చ మరకలు, ఎవరింటి నిద్రలు వాళ్లవి. ఒక్కో పరుపు వంతు వచ్చేసరికి వారం పది రోజులు పట్టేది. వంతు వచ్చాక నాయిన దాన్ని నిలువునా విప్పి, దూది ఎండలో పోసి, కర్రతో కొట్టి, ఏకి, కొత్త గలేబులో పెట్టేవాడు. అంటే విప్పేదాకా ఆ పరుపు ఎలా ఉన్నా ఎవరికీ నష్టం లేదు. మా అమ్మ చేసిన పనంతా ఈ ఒక్క లెక్క మీద నిలబడింది.

గట్టు అనే ఊరి వైపు పోయే బస్సు మధ్యాహ్నం తప్పిందంటే మళ్లీ పొద్దుగూకేటప్పుడే. రాజోలి వైపూ అంతే. ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లకు దవాఖాన పనో, అంగడి పనో నడిమింటి పొద్దుకే అయిపోయేది. ఆ తరువాత మొగవాళ్లకు హోటళ్లున్నాయి, బీడీ కొట్టు ముందర బల్లలున్నాయి. ఆడవాళ్లకు గోడ నీడ తప్ప ఏమీ లేదు. నీడ జరిగితే వాళ్లూ జరిగేవాళ్లు. ఒంటికి పోవాలన్నా చీకటి పడేదాకా బిగబట్టుకోవాల్సిందే. ఒకరోజు మా దుకాణం పక్కనే ఒకామె గోడకు ముఖం పెట్టి కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. ముందర ఎండ, వెనక బజారు. అమ్మ దబ్బనం చేతిలో పట్టుకునే బయటికి వెళ్లింది.

"బిడ్డకు పాలిచ్చెటందుకు గోడకెందుకు మొఖం పెట్టినవమ్మా? ఏమన్న దొంగతనం చేస్తున్నవా? లే, లోపటికి రా."

ఆమె వచ్చింది. వెనక గదిలో ఒక పాత పరుపు పరిచి, "ఎట్లగూ రేపు విప్పేదే, పండుకో" అంది అమ్మ. మరుసటి వారం అంగడికి ఆమె ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. అలా మొదలైంది. నిండు గర్భిణులు, పసిపిల్లల తల్లులు, దవాఖానలో సూది వేయించుకుని ఒళ్లు తూలేవాళ్లు, మధ్యాహ్నం నుంచి బస్సు వచ్చేదాకా మా వెనక గదిలో వరసగా పడుకునేవాళ్లు. ఎవరో ఒకరు నాయినతో "నీ దుకాణం దుకాణమా, ధర్మసత్రమా" అని అన్నారు. "దుకాణంల మంది ఉంటెనే బరకత్, కలిసొస్తది" అని నవ్వాడు నాయిన. ఆ ఆడవాళ్లేమో ఉత్తగా పడుకునే రకం కాదు. "చేతులు ఊకుంటయా అక్కా" అంటూ పక్కనున్న పత్తిలోంచి గింజలు ఏరిపెట్టేవాళ్లు. పోయేటప్పుడు కొంగున ఉన్న వేరుశెనక్కాయలో, చింతపండో గూట్లో పెట్టిపోయేవాళ్లు. ఇప్పటికీ ఎక్కడైనా పాలవాసనా, వేయించిన పల్లీల వాసనా, దూది దుమ్మూ కలిసి తగిలితే నాకు మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తుంది. అలా మూడూ కలిసి తగలడం ఇప్పుడు ఎక్కడా లేదు గానీ.

బడి నుంచి రాగానే నా పని పరదా కాడ నిలబడటం. "మొగోళ్లు వస్తె ముందటనే ఆపు బిడ్డా, లోపల మనుషులున్నరని చెప్పు" అని అమ్మ హుకుం. నా ఈడు పిల్లలు బయట అచ్చనగాయలు ఆడుతుంటే నేను పోలీసులా నిలబడాలి. చచ్చేంత విసుగొచ్చేది. ఆ విసుగును ఇప్పుడు తలుచుకుంటే కూడా నాకు సిగ్గే.

ఒక్క విషయంలో మాత్రం అమ్మ, నాయిన ఇద్దరూ కఠినంగా ఉండేవాళ్లు. అది పెళ్లి పరుపు. మా వైపు పెళ్లికి కొత్త దూదితో పరుపు కుట్టిస్తారు. దాన్ని కుట్టి, నాలుగు మూలలా పసుపు రాసి, తెల్లగుడ్డ చుట్టి గోడకు నిలబెట్టాలి. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునేదాకా దాని మీద ఇంకొకరు కూర్చోకూడదు, పడుకోకూడదు. ఒకసారి పిల్లి ఎక్కి కూర్చుంటే నాయిన ఆ మూల కుట్టు విప్పి, అక్కడి దూది తీసి, కొత్తది పెట్టి కుట్టాడు. ఎవరూ చూడలేదు గదా అని నేనంటే, "పరుపు చూసింది గదనే" అన్నాడు. మా ఇంటికి ఏడాది పొడుగునా గింజలు పోసేది పెళ్లిళ్ల కాలమే. పాత పరుపులతో ఉప్పూ పప్పూ వచ్చేవి, అంతే.

నేను ఇంటర్ పాసైన ఏడు, పెళ్లిళ్ల కాలంలోనే అకాల వర్షం పడింది. పెరడు బురద, రేకుల కింద తడి, వెనక గదిలోకి కూడా నీళ్లు వచ్చాయి. పాత పరుపులన్నీ విప్పేసి ఉన్నాయి, దూది మూటలు కట్టి అటక మీద పెట్టారు. పొడిగా ఉన్నది ఒక్కటే, రాజోలి రైతు కూతురి పెళ్లి పరుపు, గోడకు నిలబడి ఉంది. ఆ మధ్యాహ్నం ఒక అత్తా కోడలూ వచ్చారు. కోడలికి తొలి కాన్పు. ఇంకా వారం టైముందని దవాఖానలో చెప్పారట, కోడలిని ఇంటికి తీసుకుపోదామని అత్త బస్సుకోసం బయల్దేరింది. పిల్ల మా గుమ్మం దాకా వచ్చి నడుం పట్టుకుని కూలబడింది. అమ్మ ఆమె ముఖం చూసింది, నేల చూసింది, వెళ్లి పెళ్లి పరుపు మీది తెల్లగుడ్డ లాగేసింది.

"అగో, అది రాజోలోళ్లదే!" అన్నాడు నాయిన.

"తెల్సు. ఇంకేమున్నది పరువనీకె? ఈ బురదల పండుకోబెట్టాల్నా?"

పరుపు మీద పడుకోబెట్టిన కాసేపటికే ఆ పిల్లకు ఉమ్మనీళ్లు పోయాయి. నాయిన ఇంక ఏమీ ఆలోచించలేదు. పరుపులు ఇళ్లకు చేరవేసే తోపుడు బండి గుమ్మం దగ్గరకు తెచ్చి, ఆ పిల్లను పరుపుతో సహా ఎత్తి బండి మీద పెట్టి, "జరగుండ్రి, జరగుండ్రి" అని అరుచుకుంటూ దవాఖాన దాకా పరుగెత్తాడు. ఒళ్లంతా దూది, మూతికి గుడ్డ, చెప్పులు కూడా లేవు. వెనకాల అమ్మ, అత్త, నేను. ఆ రోజు అంగడి. గద్వాల బజారంతా నిలబడి చూసింది, పరుపు నాలుగు మూలలా పసుపు కూడా చూసింది. పిల్లను దింపి వేరే దుప్పటి మీద మోసుకుపోయి ఉండొచ్చు, పరుపును దుకాణంలో వదిలేసి ఉండొచ్చు. ఇవన్నీ తరువాత ఎవరైనా చెప్పగలరు. పరుపులు మోసే మనిషికి పరుపు లేని బండి తోయడం తోచలేదు.

మగపిల్లవాడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. సాయంత్రం ఆ అత్త చక్కెర పొట్లం తెచ్చి అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ రాత్రికి మా ఇంట్లో పండుగలాగే ఉంది. మరునాడు రాజోలి పెద్దమనిషి వచ్చాడు. కోపంగా రాలేదు, అదే మాకు ఎక్కువ కష్టమైంది.

"హుసేనప్పా, నువ్వు చేసింది పుణ్యమే, నేను కాదంటలేను. కాని మా పిల్ల పెండ్లి పరుపు మీద పురిటి నీళ్లు పడ్డయని ఊరంత తెల్సినంక మేమెట్ల తీస్కపోతం?"

"దూది కొత్తది, బట్ట కొత్తది పెడ్త పటేలా. తెల్లారెవరకు కుట్టిస్త. దీన్ని ముట్టనే ముట్ట."

"అదే దుకాణం గదా" అన్నాడాయన, నేల చూస్తూ. పోయాడు.

ఆయన వెనకే మిగతా పెళ్లి పరుపుల వాళ్లూ ఒక్కొక్కరే వచ్చి ముందిచ్చిన బయానా వెనక్కి తీసుకున్నారు. కొందరు రాకుండానే వేరే చోట కుట్టించుకున్నారు. వాళ్ల దుకాణంలో పరుపుల మీద పురుళ్లు పోస్తున్నారని ఒక మాట, ముట్టు ఆడవాళ్లు పడుకుంటారని ఇంకో మాట. ఇందులో అబద్ధం ఎంత అని అడిగితే చెప్పడం కష్టం. పాత పరుపుల మీద అందరూ పడుకున్నారు. నేను అప్పుడు వనపర్తిలో కాలేజీకి పోవాలి, హాస్టల్లో ఉండాలి, ఆ ఖర్చంతా పెళ్లి పరుపుల మీదే రావాలి. మా వాళ్లలో ఆడపిల్ల అంతదూరం చదువుకు పోవడం అదే మొదలు. నాయిన ఎప్పటిలా దూది ఏకుతూ ఉండిపోయాడు. మూడో రోజు అమ్మ వడ్రంగిని పిలిపించి, పరదా తీసేసి, ఆ గుమ్మానికి పాత తలుపు ఒకటి పెట్టించి, గొళ్లెం వేసింది.

"ఎవరన్న వస్తె ఏం చెప్తవే?" అన్నాడు నాయిన.

"నేను చెప్పుకుంట. నువ్వు ఎనక దూది ఏకు."

తరువాతి అంగడి రోజు ఒకామె వచ్చింది. ఆకుపచ్చ చీర, ముక్కుకు రెండు పక్కలా పుడకలు, కాళ్లు వాచి ఉన్నాయి, నిండు నెలలు. ఇంతకుముందు రాలేదు, ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. తనది గట్టు అని మాత్రం చెప్పింది.

"ఈడ పండుకునేది లేదమ్మా. గిది దుకాణం" అంది అమ్మ.

ఆమె గొళ్లెం వైపు చూసింది. ఎందుకని అడగలేదు. "సరే అక్కా. జర నీళ్లన్న ఇయ్యి" అంది. అమ్మ చెంబుతో ఇచ్చింది. తాగి, చెంబు బోర్లించి గడప మీద పెట్టి, ఎండలోకి దిగింది. కాసేపటికి నేను బయటికి పోయి చూస్తే రోడ్డు అవతల ఆగి ఉన్న లారీ నీడలో కొంగు పరుచుకుని పడుకుని ఉంది. లారీ పోయాక చూస్తే లేదు. ఆమెకు ఏమైందో మాకు తెలియదు. ఏమీ కాలేదేమో. బస్సెక్కి ఇంటికి పోయి, సుఖంగా కని, మనవలను ఎత్తుకుందేమో. మా అమ్మ మాత్రం అలా అనుకోలేకపోయింది.

పెళ్లి పరుపులు నెమ్మదిగా మళ్లీ వచ్చాయి. ఊరికి మరుపు ఎక్కువ, తలుపు మూసేశారని తెలిశాక ఇంకా ఎక్కువ. నేను వనపర్తికి పోయాను. పోయేటప్పుడు నాకొక పరుపు ఇచ్చారు. అదే, రాజోలి వాళ్లు వద్దన్న పరుపు. దాన్ని పారెయ్యడానికి అమ్మకు చేతులు రాలేదు. విప్పి, దూది ఎండబెట్టి, మళ్లీ ఏకి, రెండు ముక్కలుగా నాకొకటి, దస్తగిరికొకటి కుట్టింది. హాస్టల్లో అంత మెత్తటి పరుపు ఇంకెవరికీ లేదు. పరీక్షలప్పుడు పిల్లలందరూ నా మంచం మీదే చేరి, "మీ నాయిన ఎంత మంచిగ కుట్టిండే" అనేవాళ్లు. ఆ పరుపు మీద నాకు బ్రహ్మాండంగా నిద్ర పట్టేది. ఎప్పుడైనా ఉన్నట్టుండి ఆ లారీ నీడ గుర్తుకొచ్చేది, అయినా మళ్లీ నిద్ర పట్టేది. చదువు అయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్లి అయింది, నాలుగు కథలు రాసి నలుగురిలో పేరు కూడా తెచ్చుకున్నాను. ఆడవాళ్ల కష్టాల గురించి బాగా రాస్తానని సభల్లో శాలువాలు కప్పారు.

నా తప్పేమీ లేదు. ఎవరిని అడిగినా అదే అంటారు, తలుపు పెట్టింది నేను కాదు, పెట్టమని అడిగిందీ నేను కాదు. నాకు ఊరట లేనిదీ అందుకే. తప్పు చేసినవాళ్లు మాఫీ అడుక్కోవచ్చు. తప్పు చేయకుండా దాని ఫలం తిన్నవాళ్లు ఎవరిని అడగాలి? ఎవరిని అడగాలో తెలియక నేను చేసిన పని, అమ్మ మీద కోపం పెట్టుకోవడం. పైకి అనలేదు. లోలోపల మాత్రం నాయినది మెత్తటి మనసనీ, అమ్మది గట్టి గుండె అనీ ఖాయం చేసుకున్నాను. నాయినకు తలుపు దగ్గర నిలబడి కాదనే పని రాకుండా ఆమె అడ్డం నిలబడిందని నాకు తట్టడానికి ఇన్నేళ్లు పట్టింది.

అమ్మకు అప్పటి నుంచి ఒక అలవాటు పట్టుకుంది. గట్టు మనిషి ఎవరు ఎదురైనా సరే, పెళ్లిలో, బస్సులో, దవాఖానలో, అడిగేది. "గట్టా మీది? మీ ఊర్ల ఒకామె ఉండె. ఆకుపచ్చ చీర, రెండు దిక్కుల ముక్కుపుడకలు, అప్పుడు నిండు మనిషి." పేరు తెలియదు, ఏ కులమో తెలియదు. "అసుంటోళ్లు బొచ్చెడు మంది ఉంటరవ్వా" అని నవ్వేవాళ్లు. ఏళ్లు గడిచినా చీర రంగు మార్చకుండా అలాగే అడిగేది. మేమిద్దరం సిగ్గుపడి, "ఊకోరాదే అమ్మా" అని చెయ్యి పట్టుకుని లాగేవాళ్లం.

స్పాంజి పరుపులు వచ్చాక విల్లు మూలకు పడింది. నాయిన ఊపిరితిత్తుల నిండా దూదితో పోయాడు. అమ్మ దుకాణం కిరాయికి ఇచ్చి నాగర్‌కర్నూలులో దస్తగిరి దగ్గరకు పోయింది. కిరాయి ఫోనులో వేస్తామన్నా వినకుండా నెల మొదట్లో తనే బస్సెక్కి గద్వాలకు వచ్చేది. ఆడవాళ్లకు టికెట్టు లేకుండా అయ్యాక మరీ. పొద్దున బయల్దేరి చీకటి పడ్డాక ఇల్లు చేరేది. "ఈ వయసులో ఆ నాలుగు పైసల మీద అంత యావ ఏంటే" అని నేనే అన్నాను. ఆమె పైసల కోసం పోతోందని నిజంగా అనుకున్నాను.

"మేడం, మీరు గూడ వినుండ్రి." నరేశ్ నా వెనకే వచ్చి నిలబడ్డాడు. దస్తగిరి కూడా వచ్చాడు. నరేశ్ మర్యాద తెలిసిన పిల్లవాడు, మాట కూడబలుక్కుంటూ చెప్పాడు. "అన్న చెప్పిన కిరాయికి నేను తయారే. కాని ఈ రూము తీసేస్త. గోడ కొట్టి ఇక్కడ గూడ ర్యాకులు పెట్టుకుంటేనే నాకు గిట్టుబాటైతది. ట్రయల్ రూము చిన్నది ముందటనే పెట్టుకుంట."

"ఇన్నాళ్లు ఎందుకు ఉంచావు మరి?" అన్నాను.

అతను నా వైపు వింతగా చూశాడు. "మీకు తెల్వదా? అవ్వ మాట్లాడుకున్నది గదా. కిరాయి పెంచను, కాని ఎనక రూము తియ్యొద్దు, పాలిచ్చేటోళ్లను, ఒంట్ల బాగలేనోళ్లను కాదనొద్దు అన్నది. అగ్రిమెంటు రాసుకున్న ప్రతిసారి అదే మాట. మీకు చెప్పిందేమో అనుకున్న."

మాకు చెప్పలేదు. చెబితే మేము ఏమనేవాళ్లమో ఆమెకు తెలుసు.

"అవ్వ వస్తే ఈ స్టూలు మీదనే కూసుండేది మేడం" అంది పావని. "నన్ను లెవ్వమని, నేను చూస్కుంట పో, నువ్వు అన్నం తిను అనేది. సాయంత్రం దాక పరదా కాడనే. వచ్చినోళ్లందర్ని ఏ ఊరు, ఏ ఊరు అని అడిగేది."

పరదా జరిపి ఒక పిల్లతల్లి బయటికి వచ్చి, మమ్మల్నందరినీ చూసి బెదిరి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. నరేశ్, దస్తగిరి ముందుకు నడిచారు. నేను ఎందుకో లోపలికి పోయి పరదా వేసుకున్నాను.

నిలువుటద్దం, బట్టలు తగిలించే కొక్కేలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ పక్కన నేల మీద ఒక చిన్న పరుపు ఉంది, పసిపిల్లను పడుకోబెట్టేంత. చారల గలేబు. అడుగడుక్కీ ఎర్రదారం ముడి. చూపు ఆనని మనిషి వేసిన ముడులు, కొన్ని వంకర పోయాయి. నా హాస్టలు పరుపు ఏమైందని ఒకసారి అడిగితే "కోసి చిన్నచిన్నగ చేసిన" అంది అమ్మ. ఎందుకని నేను అడగలేదు. ఇందులో ఉన్నది ఆ దూదే అని ఒట్టు పెట్టి చెప్పలేను, దూదికి గుర్తులుండవు. చేత్తో నొక్కి చూశాను. మెత్తగా ఉంది.

అప్పుడు మా బజారులో ఇన్ని షోరూములు లేవు, ఇన్ని అద్దాలు లేవు. ఇప్పుడు బొమ్మలు నిలబడటానికి కూడా చల్లటి జాగా ఉంది. ఊళ్ల నుంచి వచ్చిన మనిషి బిడ్డను పట్టుకుని కూర్చోవడానికి మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరి దయ కావాలి, ఆ దయకు కిరాయి కట్టింది మా అమ్మ. పెంచని ప్రతి కిరాయితో కట్టింది. నేను ఆమెను ఫోనులో దెప్పిన ప్రతిసారీ కట్టింది. అద్దంలో నా ముఖం చూసుకోలేక ఆ కుర్చీలో అటు తిరిగి కూర్చుని ఏడ్చాను. గోడకు ముఖం పెట్టి ఏడుస్తున్నానని కాసేపటికి గానీ తెలియలేదు.

"లోపల ఉన్నోళ్లు జర జల్ది రాండ్రి" అంది బయట నుంచి ఒక గొంతు. "పిల్ల ఆగుతలేదు."

కళ్లు తుడుచుకుని పరదా ఎత్తాను. ఇరవై దాటని పిల్ల, ఒక చేతిలో దవాఖాన చీటీ, భుజాన ఏడుపు. "రా తల్లీ" అని పక్కకు జరిగాను. ఆమె లోపలికి పోయి కూర్చుంది. స్టూలు ఖాళీగానే ఉంది, పావని ఎవరికో గౌన్లు చూపిస్తోంది. నేను పరదా సరిగ్గా లాగి, ముందర నిలబడ్డాను.

"ఏ ఊరు మీది?"

"గట్టు అమ్మా."

నా నోరు నా మాట వినలేదు. "గట్టుల ఒకామె ఉండె" అన్నాను. "ఆకుపచ్చ చీర, ముక్కుకు రెండు దిక్కుల పుడకలు. అప్పుడు నిండు మనిషి. చాన ఏండ్లాయె."

"నాకు తెల్వదమ్మా" అంది ఆ పిల్ల. "ఇంటికి పోయినంక మా అత్తనడుగుత. పేరేంది?"

"పేరు తెల్వదు."

దుకాణం ముందు నుంచి దస్తగిరి కేక వేశాడు. "అక్కా, సంతకం పెట్టాల, రా."

"గోడ ముట్టొద్దను. కిరాయి పాతదే రాసుకోమను."

"అట్లెట్లనే? జర ఈడికి రా, కూసొని మాట్లాడుకుందం."

"జర ఆగు" అన్నాను. "లోపల మనిషున్నరు."